వైఫై బాగుండాలంటే వైరు కొనండి

వైఫై రౌటర్ కొందామని బయల్దేరినవాళ్ళకి నా మొదటి సలహా ఒకటే: రౌటర్ కొనకండి. ఆ డబ్బులో కొంత పెట్టి ల్యాన్ కేబుల్ కొనండి, మీ ఇంటి కరెంటు పని చేసిన ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇది తలకిందుల సలహా అని చాలామంది అంటారు. వైరు గొడవ వద్దనే కదా వైర్‌లెస్ కొంటున్నది అని అడుగుతారు. అడిగినా నేను ఈ మాట మీదే ఉంటాను. ఎక్కువ ఇళ్ళలో లోపం రౌటర్‌లో లేదు, దాన్ని పెట్టిన చోటులో ఉంది. చోటు మార్చాలంటే వైరు కావాలి.

నెట్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు ఏం చేస్తాడో గుర్తు తెచ్చుకోండి. ఫైబర్ తీగ కిటికీలోంచి లోపలికి లాగి, గుమ్మం పక్కనో టీవీ వెనకో ముందు కనిపించిన ప్లగ్గు దగ్గర డబ్బా బిగించి వెళ్ళిపోతాడు. అందులో అతని తప్పేమీ లేదు. ఫైబర్ అంటే సన్నటి గాజుపోగు, దాన్ని మరీ వంచితే అందులోని కాంతి బయటికి పోతుంది. అందుకే మలుపులు తక్కువున్న దారి చూసుకుంటాడు. కానీ ఇంట్లో నెట్ అవసరం ఎక్కడుంది? పిల్లలు చదువుకునే వెనక గదిలో, ఆఫీసు పని చేసుకునే పడకగదిలో, మేడమీద. డబ్బాకీ ఆ గదులకీ మధ్య రెండు గోడలు, ఒక ఇనుప బీరువా, ఒక నిలువుటద్దం ఉంటాయి.

మన గోడల సంగతి రౌటర్ అట్ట మీద రాయరు. "ఇన్ని వేల చదరపు అడుగులకు అందుతుంది" అన్న మాట మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది. కర్రచట్రం మీద జిప్సం పలకలు కొట్టి కట్టే అమెరికా ఇళ్ళలో ఆ మాట కొంతవరకు నిలుస్తుందేమో. బయటి గోడ తొమ్మిది అంగుళాలు, లోపలి గోడ నాలుగున్నర అంగుళాలు ఉండే ఇటుక, సిమెంటు ఇళ్ళలో నిలవదు. ఇక స్లాబు నిండా ఇనుప చువ్వలే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది సుమారు 6. ఎక్కువ వేగమిచ్చే 5 గిగాహెర్ట్జ్ సిగ్నలే గోడ దాటేటప్పుడు ఎక్కువ నీరసిస్తుంది. బీరువా రేకు, అద్దం వెనకాల పూత సిగ్నల్‌ని వెనక్కి కొడతాయి. చేపల తొట్టిలో నీళ్ళు దాన్ని పీల్చేస్తాయి. రౌటర్‌ని షోకేసులో, టీవీ వెనక, స్విచ్ బోర్డు పైనున్న సజ్జ మీద సామాన్ల మధ్య దాచేవాళ్ళు ఎంత ఖరీదైనది కొన్నా ఒకటే. ఇంటి నడిమధ్య, మనిషి తలకంటే ఎత్తులో, అందరికీ కనిపించేలా పెట్టండి. హాలు అందం చెడుతుందని ఇంట్లోవాళ్ళు గొణుగుతారు, గొణగనివ్వండి.

యాంటెన్నాలు లెక్కపెట్టకండి

షాపులో ఆరు కొమ్ముల రౌటర్ పక్కన రెండు కొమ్ములది బీదగా కనిపిస్తుంది. ఆ చూపుకి లొంగకండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం 2005లో నోటిఫికేషన్ ఇచ్చినప్పుడే, ఎంత శక్తితో ప్రసారం చేయవచ్చో దానికీ హద్దు పెట్టింది. ఎన్ని కొమ్ములున్నా ఆ హద్దు దాటకూడదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. వైఫై ఒకవైపు నుంచి నడిచే వ్యవహారం కాదు. మేడ మీదివాళ్ళు ఎంత గట్టిగా కేకేసినా, కిందున్న మనిషి గొంతు పైకి చేరకపోతే మాట సాగదు. రౌటర్ సిగ్నల్ మీ ఫోనుకి అందినా, ఫోను సిగ్నల్ తిరిగి రౌటర్‌కి అందాలి. ఫోనులో ఉండేవి మామూలుగా రెండు చిన్న యాంటెన్నాలు, బ్యాటరీ మీద బతికే బలహీనమైన ప్రసారం. గీతలు నిండుగా కనిపిస్తున్నా వీడియో కాల్ ఆగిపోవడానికి ఇదొక కారణం. యాంటెన్నాలు ఎక్కువుంటే ఆ బలహీనమైన సిగ్నల్‌ని పట్టుకోవడం కొంత సులువవుతుంది, కాదనను. అయినా ఫోనుకి ఒక గోడ దగ్గరగా జరిగిన చవక రౌటర్ ఇచ్చే మేలు అంతకంటే చాలా పెద్దది.

ఉన్న కొమ్ముల్ని సరిగా నిలబెట్టడం కూడా తెలియాలి. యాంటెన్నా నుంచి సిగ్నల్ పక్కలకే బాగా పరుచుకుంటుంది, కొన చూపించే వైపు చాలా తక్కువ. ఒక అంతస్తు ఇంట్లో నిటారుగా ఉంచండి. పై అంతస్తుకీ అందాలంటే ఒకదాన్ని అడ్డంగా వంచండి.

అట్ట మీది పెద్ద అంకెని నమ్మకండి

ఏసీ1200 అంటే 1200 మెగాబిట్ల వేగం వస్తుందని కొనుక్కొచ్చేవాళ్ళున్నారు. అది 300, 867 కలిపి గుండ్రం చేసిన లెక్క. 2.4 బ్యాండులో 300, 5 బ్యాండులో 867. ఏఎక్స్3000 అన్నా అంతే: 574కి 2402 కలిపారు. మీ ఫోను సాధారణంగా ఒక సమయంలో ఒక బ్యాండులోనే ఉంటుంది, ఆ బ్యాండులో కూడా కాగితం మీది వేగంలో సగం, సగానికి కాస్త పైన చేతికొస్తే సంతోషించాలి.

చూడాల్సిన అంకె అట్ట వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది. వెనక వైపు పోర్టులు 10/100 అని ఉంటే ఆ రౌటర్‌ని అక్కడే పెట్టేయండి. 10/100/1000 అని, లేదా గిగాబిట్ అని ఉండాలి. ఏసీ1200 పేరుతో అమ్మే చవక రౌటర్లలో చాలావాటికి 100 మెగాబిట్ల పోర్టులే ఉంటాయి. మీరు నెలనెలా 200 మెగాబిట్ల ప్లానుకి డబ్బు కడుతున్నా ఆ పోర్టులోంచి లోపలికొచ్చేది 95 లోపే. యాంటెన్నాల గురించి గంటసేపు చెప్పే అమ్మకందారుని ముందు ఈ పోర్టు సంగతి అడగండి.

వైఫై 5, 6, 7 అన్న తరాల విషయం నాలుగు మాటల్లో తేలిపోతుంది. వైఫై 6 ప్రమాణం 2021లో ఖరారైంది, వైఫై 7 పరికరాలకు ధ్రువీకరణ 2024 జనవరిలో మొదలైంది. మీ ఇంట్లో ఉన్న ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఏ తరానివో ఆ తరం రౌటర్ చాలు. రాబోయే ఫోన్ల కోసం ఇవాళ రౌటర్ కొనడం దండగ ఖర్చు.

ప్లాను పెంచకండి

నెట్ నెమ్మదిస్తే ప్లాను పెంచుకోమని చెప్పేవాళ్ళకి కొదవలేదు. నేను తగ్గించుకోమంటాను. 4కే సినిమాకి 15 మెగాబిట్లు చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది, ఫుల్ హెచ్‌డీకి 5. నలుగురున్న ఇంట్లో ఒకరు సినిమా చూస్తూ, ఇద్దరు వీడియో కాల్స్‌లో ఉండి, ఒకరు ఆట ఆడుకుంటున్నా 100 మెగాబిట్లు నిండవు. పడకగదిలో 8 వస్తుంటే ప్లానును 300కి పెంచినా అక్కడ 8 దగ్గరే ఉంటుంది. ముందు ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి వైరుతో కలిపి వేగం చూడండి. వైరులో పూర్తిగా వస్తుంటే నెట్ ఇచ్చేవాళ్ళతో గొడవ పడాల్సిన పనిలేదు, గోడతో పడాలి. వైరులో కూడా రాకపోతే అప్పుడు ఫోన్ చేసి గట్టిగా నిలదీయండి.

ఇప్పుడు అసలు సలహాకి వస్తాను. కదలని వస్తువు దేనికీ వైఫై ఇవ్వకండి. టీవీ కదలదు, డెస్క్‌టాప్ కదలదు, సీసీ కెమెరాల రికార్డర్ కదలదు. వాటికి వైరు వేయండి. మామూలుగా ఒక చానెల్లో ఒక క్షణాన ఒక్క పరికరమే ప్రసారం చేస్తుంది, తక్కినవన్నీ ఆగాలి. దూరాన సిగ్నల్ సరిగా లేని టీవీ ఒక్కటుంటే, అదే డేటాకి అది ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఆ ఆలస్యం రౌటర్ పక్కనే కూర్చున్న మీ ఫోను మీద పడుతుంది. టీవీని వైరు మీదికి మార్చిన రోజు ఇంట్లో అందరి నెట్టూ బాగుపడుతుంది. చాలా టీవీల్లో ల్యాన్ పోర్టు 100 మెగాబిట్లదే, అయినా 15 కావాల్సిన చోట 100 అంటే పుష్కలం.

కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. 2.4 బ్యాండులో చానెళ్ళు 13 ఉన్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 మాత్రమే. చుట్టుపక్కల ఫ్లాట్లన్నీ ఆ మూడింటినీ పంచుకోవాలి. వంటింట్లో మైక్రోవేవ్ కూడా దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. అందుకని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 2.4 బ్యాండులో చానెల్ వెడల్పుని 40 మెగాహెర్ట్జ్ నుంచి 20కి తగ్గించండి. వేగం తగ్గిస్తే ఎలా బాగుపడుతుంది అనుకోవద్దు. ఇరుగుపొరుగుతో ఒరిపిడి తగ్గి, నిలకడగా వస్తుంది.

సిగ్నల్ అందని గదికి రిపీటర్ కొనకండి. ఒకే రేడియోతో అటు వినీ ఇటు చెప్పే రిపీటర్ వేగాన్ని సగం చేసేస్తుంది. నీరసించిన సిగ్నల్‌నే తీసుకుని పంచుతుంది కాబట్టి ఆ సగం కూడా పలచనే. మెష్ పేరుతో అమ్మే ఖరీదైన రౌటర్ల జంటలు కూడా వాటి మధ్య వైరుంటేనే పూర్తిగా పనిచేస్తాయి. అటక మీద పడి ఉన్న పాత రౌటర్‌ని కిందికి దించండి. దాని ఐపీ అడ్రసును కొత్తదానితో గొడవ రాకుండా మార్చి, పరికరాలకి అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపి, వైఫై పేరు, పాస్‌వర్డ్ కొత్తదానివే పెట్టి, ల్యాన్ పోర్టు నుంచి ల్యాన్ పోర్టుకి వైరు కలిపితే వెనక గదికి కొత్త సిగ్నల్ వస్తుంది. రౌటర్‌కి అయ్యే ఖర్చు సున్నా.

ఒక్క చోట మాత్రం పిసినారితనం పనికిరాదు. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన రౌటర్‌ని నెట్‌కి నేరుగా తగిలించి ఉంచకండి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలనీ రౌటర్లనీ లక్షల్లో పట్టుకుని దాడులకి వాడుకుంది. మీ రౌటర్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవాళే మార్చండి, పాస్‌వర్డ్ కొట్టకుండా మీట నొక్కి కలిపే డబ్ల్యూపీఎస్‌ని బొత్తిగా ఆపేయండి, రక్షణ డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండేలా చూడండి. కంపెనీ అప్‌డేట్లు ఎన్నాళ్ళు ఇస్తుందో కొనేముందే అడగండి. జవాబు చెప్పలేని కంపెనీది కొనకండి.

కరెంటు పోయినప్పుడు నెట్ ఉండాలంటే చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఒకటి చాలు. ఇళ్ళకొచ్చే ఫైబర్ లైన్లలో దారి మధ్యన కాంతిని పంచే పెట్టెలకి చాలావరకు కరెంటు అక్కర్లేదు. అవతలి ఆఫీసులో కరెంటుండి, మీ ఇంట్లో డబ్బా వెలుగుతుంటే నెట్ వస్తుంది. రౌటర్‌తోపాటు ఫైబర్ డబ్బాకి కూడా బ్యాకప్ ఇవ్వడం మరిచిపోవద్దు, రెండు అడాప్టర్ల మీదా వోల్టు, ఆంపియరు చూసి కొనండి.

ఇక వైరు సంగతి. క్యాట్6 తీసుకోండి, అచ్చమైన రాగిదే అడగండి. అల్యూమినియం మీద రాగి పూసిన చవక కేబుళ్ళు మార్కెట్లో ఉన్నాయి, వాటిని ముట్టుకోకండి. లోపల నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండే చాలు. కొనలకి క్లిప్పు బిగించేటప్పుడు ఒక్క తీగ తప్పినా వేగం 100కి పడిపోవచ్చు, కాబట్టి పని చేసినవాళ్ళు వెళ్ళకముందే పరీక్షించండి. వంద మీటర్ల వరకు గిగాబిట్ తగ్గకుండా వెళుతుంది. మామూలు ఇళ్ళలో అంత దూరం ఉండదు.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకి నా విన్నపం ఇది. స్లాబు వేయకముందే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడండి. కరెంటు తీగల పైపుతో కలపకుండా, ఫైబర్ వచ్చే చోటు నుంచి హాలు మధ్యకి ఒకటి, మేడమీదికి ఒకటి, టీవీ గోడకి ఒకటి విడిగా పైపులు వేయించండి, తర్వాత కేబుల్ లాగడానికి వాటిలో ఒక తీగ వదిలించండి. ఆ రోజు దాటితే గోడలు చెక్కాలి. రౌటర్ గృహప్రవేశం అయ్యాక కొనుక్కోవచ్చు.