"లెన్సు కంపెనీది కాదు" అను వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: "ఏమీ అనుకోకండి సార్. లెన్సు కంపెనీది కాదు గదా, థర్డ్ పార్టీది. టీటీఎల్ కలవలేదు, ఫ్లాష్ ఓవరైంది. ఆల్బంలో కరెక్షన్ చేసేద్దాం."

అవతారిక: మాఘమాసమున చిలకలూరిపేట దాపున మా బంధువుల యింట జరిగిన వివాహపు ఫొటోలు చూచి, బొట్టును కనుబొమలును తప్ప తక్కిన ముఖము కానరాక, కన్యాదాత "మా పిల్లేదయ్యా?" అని యడుగగా ఫొటోగ్రాఫరు పలికిన సమాధానమిది.

ప్రతిపదార్థము: స్పష్టము. స్పష్టము కాని తావులను సైతము వ్యాఖ్యాతలు స్పష్టమనియే దాటుదురు గనుక సంప్రదాయభంగము లేదు.

పాఠాంతరములు: "బ్యాటరీ దిగింది" అని నరసరావుపేట ప్రతి. "స్టేజీ మీది ఎల్ఈడీ గోడ దెబ్బకొట్టింది" అని ఒంగోలు ప్రతి. రెంటను దోషము వక్తను తాకకుండుట సమానము. వాక్యాంతమున "బాకీ మాత్రం ఇవాళే ఇప్పించండి" అని అధ్యాహారము చేసికొనవలెను.

అలంకారము: అపహ్నుతి. ఉన్నదానిని కాదని, లేనిదానిని ఆరోపించుట దాని లక్షణము. "చెడగొట్టినది నేను కాను, లెన్సు" అనుటకంటె శుద్ధమైన ఉదాహరణము అలంకారగ్రంథములందును అరుదు.

విశేషము: కొండవీటి చుట్టుపట్ల పుట్టిన వాక్యమునకు టీక వ్రాయుట సాహసము. ఏలయన నిచట రాజులే వ్యాఖ్యాతలు. పెదకోమటి వేమారెడ్డి అమరుకమునకు శృంగారదీపిక వ్రాసెను. కాటయ వేముడు కాళిదాసు నాటకములు మూడింటిని వ్యాఖ్యానించి, తన ప్రభువైన కుమారగిరిరెడ్డి పేర దానికి కుమారగిరిరాజీయమని పేరిడెను. ఒకవంక దండయాత్రలు, మరొకవంక దాయాదుల పోరు. ఆ నడుమ కూర్చుండి, అలిగిన నాయిక ఏ మాట నెందుకన్నదో, శకుంతల మాటలో ధ్వని యేమో విప్పి చెప్పిరి. మెదకుసీమ కొలిచారమువాడైన మల్లినాథసూరి మూలము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ చేసెను. అందు రెండవ సగము నావల్ల కాదని ఈపాటికి పాఠకులు గ్రహించియుందురు. కత్తి ప్రక్కన బెట్టి శ్లోకము విప్పుటకు రెడ్డిరాజులకు తీరిక దొరికినది. ఫ్లాషు వెనుకనున్న అంకె చూచుటకు మనవానికి దొరకలేదు.

టీక: ఇక ప్రకృతము. షట్టరు తెరచుకొనుటకు ముందు ఫ్లాషు చిన్న మెరుపొకటి వదలును. అది వధువును తాకి, లెన్సు గుండ మరలివచ్చును. దానిని కొలిచి కెమెరా అసలు వెలుగెంతయో నిర్ణయించును. ఇదియే టీటీఎల్. కెనాన్ ఈ ముందు మెరుపు పద్ధతిని 1995లో తెచ్చినది. వధువెంత దూరమున నున్నదో లెన్సు చెప్పగా ఆ మాటను గూడ లెక్కలో గలిపినది 2004లో. నికాన్ లెన్సులు అంతకుముందు 1992 నుండియే దూరము చెప్పుచున్నవి.

పూర్వపక్షము: సిగ్మా, టామ్రాన్ మొదలగువారికి కెనాన్ ఈ భాష నేర్పలేదు. వారు ఏకలవ్యులై చాటునుండి నేర్చిరి. కావున వారి లెన్సు దూరము తప్పు చెప్పవచ్చును, లేదా మౌనము వహింపవచ్చును. ఈ మాట సత్యమే. కెమెరా మారినప్పుడు పాత సిగ్మా లెన్సులు కొన్ని పనిచేయుటయే మానినవి. 2018లో పుట్టిన కెనాన్ ఆర్ఎఫ్ తలుపు ఆటోఫోకస్‌తో సహా వీరికి అధికారికముగా తెరచుకొన్నది 2024లో.

సిద్ధాంతము: అయినను ఇచట పొసగదు. లెన్సు చెప్పు దూరమును కెమెరా మన్నించునది ఫ్లాషు తల మనిషికి ఎదురుగా నున్నప్పుడే. తల పైకెత్తితే వెలుగు కప్పు మీదుగా పోవును గనుక ఆ దూరముతో పని లేదు. మండపమున ఆనాడు తల ఆసాంతము సున్నపు కప్పునే చూచుచుండెను. లెన్సు ఏ అబద్ధమాడినను వినువాడు లేడు.

మరి ముఖమేమైనది? మెమరీ కార్డు చూడుడు. పెండ్లికి ముందటి బొమ్మలు జిన్నింగు మిల్లులోని దూది బేళ్లవి. టీటీఎల్ దేనినైనను నడిమి బూడిదరంగునకు దించ జూచును. తెల్లని దూది బూడిదగా వచ్చినది. మనవాడు తెలివిగా ప్లస్ 2 పెట్టెను, దూది తెల్లబడెను. భేష్. ప్లస్ 2 అనగా నాలుగింతల వెలుగు. తీయుట మరచి తిన్నగా పెండ్లికి వచ్చెను. ఆ ప్లస్ 2 ప్రతి ఫైలులోను వ్రాసియున్నది. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టిస్తారా బాబూ? పురోహితుణ్ణి పిలిపించి "ఇంకోసారి కానివ్వండి, ఫ్లాష్ ఓవరైంది" అంటారా? పూర్తిగా తెల్లబోయిన చోట కరెక్షన్ దేన్ని తెస్తుంది? అక్కడ చర్మం లేదు, ముక్కుపుడక లేదు, ఆ నిమిషంలో అమ్మాయి ఏడ్చిందో నవ్విందో కూడా లేదు. తెచ్చేదల్లా వాడి కంప్యూటర్లోని గులాబీరంగు.

క్షమింపుడు. టీకాకారునకు ఆవేశము తగదు.

వెనుకటి స్టూడియోవారి చేతిలో వివిటార్ 283 ఉండెడిది. కొలుచు కన్ను ఫ్లాషుకే గలదు. లెన్సు ఎవరిదో దానికి పట్టదు. అదియు లేనివారికి భాగహారము చాలును: గైడు నంబరు 40, వధువు 5 మీటర్లలో, అపెర్చరు 8. థర్డ్ పార్టీ లెన్సుకైనను సమాధానమిదే.

తాత్పర్యము: లెన్సు నిర్దోషి. ఇంట పెండ్లి గలవారు బాకీ తీర్చుటకు ముందు ఆల్బముతో బాటు దిద్దని అసలు ఫైళ్లు గూడ అడిగి తీసికొనుడు.