కేసన్న

గోరంట్లలో ప్రతి వాట్సాప్ గ్రూపుకూ ఒక కేసన్న ఉంటాడు. అసలు పేరు రేషను కార్డులో ఉంటుంది, ఊరి నోట్లో మాత్రం కేసన్నే. పొద్దున్నే శుభోదయం బొమ్మ పెట్టి, పదింటికి రాజకీయాల్లోకి దిగి, పన్నెండింటికి "నీ మీద కేసేస్తా, కాస్కో" అని ముగిస్తాడు. చిత్రావతిలో నీళ్లు ఏ ఏడు పారతాయో ఎవరూ చెప్పలేరు. కేసన్నకు కోపం ఎప్పుడొస్తుందో మాత్రం టీ అంగడి పిల్లోడు కూడా చెప్తాడు.

యాభై దాటిన మనిషి. జేబులో రెండు పెన్నులు, చంకలో జెరాక్సు కాగితాల కవరు. వాళ్ల నాయన గట్టు తగాదా పెట్టుకుని పెనుకొండ కోర్టుకు తిరిగి తిరిగి, గట్టు కంటే ముందే పోయాడు. ఆస్తి కింద కొడుక్కి ఆ కవరు వచ్చింది. ఇప్పుడు గట్టు జరిపేవాడే లేడు. బోర్లు ఎండాయి, పిల్లలు బెంగళూరు పోయారు, బీడు పడ్డ చేనుకు హద్దెందుకు? తగువులాడటానికి ఊళ్లో మిగిలిన జాగా ఫోనొక్కటే. కేసన్న అందులోకి మారాడు.

ఈసారి జరిగింది ఇది. గ్రూపులో ఎవడో రాశాడు: "కేసన్న బోరేయిస్తే గంగమ్మ అడ్రసు మార్చుకుంటుంది." కింద పదకొండు మంది నవ్వుతున్న మొహాలు పెట్టారు. ఆ పదకొండులో సొంత తమ్ముడిది కూడా ఉంది.

"అరవై ఆరు ఏ! మూడేళ్లు లోపలేయిస్తా!" అన్నాడు కేసన్న, టీ గ్లాసు ఎగిరిపడేలా బల్ల మీద కొట్టి.

ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. కొట్టేసిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు మన కృష్ణా జిల్లా వారే, జస్టిస్ చలమేశ్వర్. అంతకు రెండేళ్ల ముందు చీరాల ఎమ్మెల్యే మీద ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒక పౌరహక్కుల న్యాయవాదినే ఈ సెక్షను కింద అరెస్టు చేశారు. లాయరే లాయరును పెట్టుకోవాల్సొచ్చిన సెక్షనది. చచ్చి ఇన్నేళ్లయినా కేసన్న కవర్లో మాత్రం బతికే ఉంది. ఆయన్ను మరీ తప్పు పట్టలేం. కొట్టేసిన ఆరేళ్లకు కూడా దాని కింద కేసులు కడుతున్నారని తెలిసి, 2021లో సుప్రీంకోర్టే విస్తుపోయింది.

ఇక లాయరు వేట. కేసన్నకు మామూలు లాయరు పనికిరాడు, "సైబరు లాయరు" కావాలి. పెనుకొండలో బోర్డులన్నీ చదివాడు, హిందూపురంలోనూ చదివాడు. ఒక్క బోర్డు మీదా సైబరు అన్న మాట లేదు. ఉండదు కూడా. ఫలానా రకం కేసుల్లో దిట్టనని న్యాయవాది బోర్డు మీద రాసుకోకూడదని, ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. ఆ సంగతి తెలియని కేసన్న ఫోన్లో వెతికాడు. తళతళలాడే ఫొటోతో ఒకాయన దొరికి, సలహా రుసుము ముందు ఫోన్‌పే చేయమన్నాడు. కేసన్న చేశాడు. ఆ నంబరు మళ్లీ మోగలేదు. ఈ ముక్క మాత్రం కేసన్న ఏ గ్రూపులోనూ పెట్టలేదు.

చివరికి పోయింది నాయన కేసు చూసిన పాత లాయరు దగ్గరికే.

"రాప్పా, కూచో. ఆ మెసేజీ చూపించు" అన్నాడాయన.

"కోపమొచ్చి డిలీట్ చేస్తి సామీ. గ్రూపులోంచి బయటికి గూడా వచ్చేస్తి."

"స్క్రీన్‌షాటన్నా ఉందా?"

"మా బామ్మర్ది తీసి నాకు పంపె. నేను తొమ్మిది మందికి పంపితి, సాక్ష్యం ఉంటాదని."

లాయరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంటే నీ పరువు తీసే మాటను ఊరంతా మోసింది నువ్వేనన్నమాట."

ఆయన ఓపికగల మనిషి. విడమరిచి చెప్పాడు. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది. ఫోన్లోని మెసేజీని ప్రింటు తీసి కోర్టుకిస్తే చాలదు, 63వ సెక్షను ప్రకారం దానికి ధ్రువపత్రం జతచేయాలి. ఏ ఫోను, ఎవరి చేతిలో ఉంది, ఎలా తీశారు అన్నీ చెప్పాలి. బావమరిది ఫోన్లోంచి తొమ్మిది చేతులు తిరిగిన బొమ్మ మీద అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్నకే కేసన్న నీళ్లు నమలాలి.

"పోనీ, పోలీసుల్తో పట్టించండి సామీ."

"పరువునష్టానికి పోలీసులు నేరుగా కేసు కట్టరప్పా. మేజిస్ట్రేటు దగ్గర నువ్వే ఫిర్యాదు చేసుకోవాల."

"అయితే అడ్మిన్ను ఏ వన్ను చేయండి. ఆ ఎరువులంగడోడు."

"ఎవరో పెట్టిన మెసేజీకి అడ్మిన్ను పట్టుకోలేమని బొంబాయి హైకోర్టు 2021లో చెప్పింది, కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ఎరువులంగడోడు ఆ తీర్పులు చదివుండడు గానీ, వాడి లాయరు చదువుతాడు."

"వాట్సాప్ కంపెనీ మీద?"

"ముందు వాళ్ల ఫిర్యాదుల అధికారికి రాయి. 24 గంటల్లో అందిందని చెప్పాల వాళ్లు. ఏం రాస్తావ్? మెసేజీ ఏదంటే డిలీట్ చేస్తినంటావా?"

మిగిలింది నష్టపరిహారం దావా. కేసన్న కళ్లు మెరిశాయి. కోటి రూపాయలన్నాడు. అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలన్నాడు లాయరు. కేసన్న పరువు అక్కడికక్కడే పదిలక్షలకు దిగింది. లెక్క వేసి చూపించగానే లక్షకు వచ్చింది. వాయిదాలకు బస్సు చార్జీలు కూడా కలిపాక, మార్కెట్‌కు పంట అంతా ఒక్కసారే వచ్చినప్పటి చెనక్కాయల ధర మాదిరి ఇంకా జారి, ఐదువేలూ గ్రూపులో ఒక క్షమాపణ దగ్గర ఆగింది.

"మీ ఫీజు గెలిచినాక సగం సగం సామీ."

"గెలుపులో వాటా తీసుకోవడం మాకు నిషేధమప్పా. ఓడినా గెలిచినా మా కూలి మాకియ్యాల."

పోనీలే, ఉట్టి చేతులతో పంపడమెందుకని లాయరు ఒక మంచి మాట చెప్పాడు. ఫోను కూడా కంప్యూటరేనని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005లోనే తేల్చింది. ఒక కంపెనీ అమ్మిన ఫోన్ల లోపలి నంబరును తిరగరాసి, తమ నెట్‌వర్కుకు మార్చుకున్నారని ఇంకో కంపెనీ ఉద్యోగుల మీద వచ్చిన కేసది. కేసన్న ఇంటికి తెచ్చుకున్నది ఆ ఒక్క ముక్కే. మర్నాటి నుంచి సంతలో ఫోను పోగొట్టుకున్నవాడికల్లా "నీది దొంగతనం కాదప్పా, కంప్యూటరు నేరం" అని సలహా ఇవ్వడం మొదలుపెట్టాడు.

తనకు కేసు దొరకని కేసన్న అప్పటినుంచి ఊరికి సలహాదారయ్యాడు. ఎవరికైనా "నిన్ను డిజిటల్ అరెస్టు చేశాం" అని వీడియో కాల్ వస్తే ముందు ఆయన దగ్గరికే వస్తారు. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కేసన్న గంట తీసుకుంటాడు. మధ్యలో 66ఏ వస్తుంది, వాళ్ల నాయన గట్టు వస్తుంది.

ఆ మధ్య చీరల అంగడామెకు బ్యాంకు పేరుతో ఫోనొచ్చింది. ఓటీపీ చెప్పింది. 40 వేలు పోయాయి. ఆమె టీ అంగడి దాకా రాలేదు. అదే గంటలో సైబరు మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుంది. బ్యాంకుకు పోయి కాగితం ఇచ్చి ముద్ర వేయించుకుంది. డబ్బు దొంగ ఖాతాలోంచి కదలకముందే చాలామటుకు ఆగిపోయింది. ఆగిన డబ్బు చేతికి రావాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలన్నారు. అప్పుడు లాయరు కావాల్సొచ్చింది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుందని, 15100కి ఫోన్ చేస్తే చాలని ఎవరో చెప్పారు. చేసింది. ఇచ్చారు. బోర్డు మీద సైబరు అని లేని లాయరే.

డబ్బు వచ్చిందని తెలిసి కేసన్న అంగడికి పోయాడు.

"ఏ సెక్షను కింద ఏసినావమ్మా?"

"సెక్షను నాకేం తెల్సన్నా. రసీదులన్నీ దాచిపెడ్తి, లాయరమ్మకిస్తి."

కేసన్న కాసేపు ఆ రసీదుల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వాటిలో తిట్టు లేదు, శపథం లేదు, సెక్షను నంబరు కూడా లేదు. ఇంత చప్పటి కాగితాలతో కేసు గెలవడం ఆయనకు నచ్చలేదు.

సాయంత్రానికి, మళ్లీ చేరిన గ్రూపులో కేసన్న మెసేజీ పడింది: "నా సలహా మేరకు మన ఊరి ఆడపడుచుకు న్యాయం జరిగినది. సైబర్ సమస్యలకు సంప్రదించండి." కింద ఎవడో నవ్వుతున్న మొహం పెట్టాడు. కేసన్న అప్పటికే టైపు చేస్తున్నాడు.