తాళంచెవి హోదా

బాలానగర్, జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడల్లోని చిన్న షెడ్లలో తాళాలకు కొరత ఉందని ఎవరూ అనలేరు. గేటుకు, తుక్కు గదికి, పనిముట్ల బీరువాకు తాళాలుంటాయి, మంచినీళ్ల గ్లాసుకైతే గొలుసే ఉంటుంది. మెయిన్ స్విచ్ ఒక్కటే ఎవరిమీదా అనుమానం లేకుండా, దారినపోయేవారికి సైతం అందేలా గోడమీద వెలసి ఉంటుంది.

యంత్రానికి మరమ్మతు చేసే కార్మికుడు కరెంటు ఆపి, ఆ స్విచ్‌కు తన సొంత తాళం వేసి, పేరు రాసిన అట్ట తగిలించి, చెవిని తన జేబులోనే ఉంచుకొనే పద్ధతిని లాకౌట్ అంటారు. పవర్ ప్రెస్సులో డై, అంటే రేకును కోరిన ఆకారానికి నొక్కే ఉక్కు అచ్చు, మార్చాల్సి వచ్చినప్పుడు మోటారు ఆపినంత మాత్రాన సరిపోదు. ఫ్లైవీల్ అనే బరువైన చక్రం అప్పటికే కూడగట్టుకున్న వేగంతో తిరుగుతూనే ఉంటుంది కనుక, అది పూర్తిగా నిలిచేదాకా ఆగి, పైభాగం జారకుండా దిమ్మె ఆనించి, స్టార్ట్ బటన్ నొక్కినా కదలడం లేదని రూఢి చేసుకున్నాకే చేయి లోపల పెట్టాలి. ఇంత తతంగానికి బదులుగా షెడ్లలో "ఒరేయ్, స్విచ్ వేయకురా!" అనే కేక అమల్లో ఉంది. ఆ కేక తెలుగులో ఉండటం, వినవలసిన హెల్పర్ బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి ఉండటం, పక్క యంత్రం మోత అన్ని భాషలనూ సమదృష్టితో మింగేయడం ఈ విధానంలోని స్వల్ప లోపాలు మాత్రమే.

పొరపాటున ఆన్ వైపు జారగల స్విచ్‌ను తాళం వేసి నిలిపే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 24వ సెక్షన్ ఆదేశించింది. అయితే కరెంటు వాడేచోట సాధారణంగా 10 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ కనుక, కొన్ని షెడ్ల హాజరు పట్టికల్లో తొమ్మిదో పేరు దగ్గరే సిరా ఇంకిపోయేది. 2020 నాటి వృత్తి భద్రత స్మృతి ఆ సంఖ్యను 20కి పెంచి, సిరా విషయంలో మరికొంత వెసులుబాటు కల్పించింది.

తాళం ఖరీదు డై ఖరీదు ముందు ఏపాటిదీ కాదు. అసలు చిక్కంతా చెవి కార్మికుడి జేబులో ఉండటంలోనే ఉంది: అర్జెంటు ఆర్డరు నెత్తిమీద ఉన్నా, పని ముగిసి అతడు చెవి తీసేదాకా యజమాని సైతం తన సొంత యంత్రాన్ని తిప్పుకోలేడు, అంతటి అధికారాన్ని నెలజీతగాడికి అప్పగించడం కంటే "జాగ్రత్తగా చేసుకోండి" అని హితవు చెప్పడమే సులువు.

దసరా ఆయుధపూజ నాడు మాత్రం ప్రెస్సుకు పసుపు, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టాక, ఏ తాళమూ లేకుండానే స్విచ్ జోలికి ఎవరూ పోరు; కాకపోతే ఆ రోజు డై మార్చే పని ఎవరికీ ఉండదు.