కండువాలు మారాయి, పేర్లు మారలేదు

ఉమ్మడి నెల్లూరు జిల్లాలో 2019లో పదికి పది సీట్లూ వైసీపీవి, 2024లో పదికి పదీ టీడీపీవి. తాతల నాటి కులం కట్టు ఓటరు తెంచేసుకున్నాడని మురిసిపోవాలనిపిస్తుంది. పాలన నచ్చక మార్చారన్న మాటా కాదనలేం. అయితే ఎనిమిది జనరల్ సీట్లలో 2019లో గెలిచినవారిలో ఏడుగురి పేర్ల చివర రెడ్డి ఉంది, 2024లో ఐదుగురికి ఉంది. ఆనం రామనారాయణరెడ్డి, కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి అయితే రెండు గాలుల్లోనూ గెలిచారు. గాలే వాళ్లను వెతుక్కుంటూ వెళ్లింది కాబోలు! అటూ ఇటూ అవే ఇళ్లవాళ్లు నిలబడితే ఓటరు మార్చగలిగేది గుర్తునే.

విలువల కోసం ఓటు పడదా అంటే, ఎందుకు పడదు? 1992లో ఈ జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు ఆ సెగ కులాల గీతలు దాటి రాష్ట్రమంతా పాకింది, 1995లో మద్యనిషేధం తెచ్చింది. ఏలినవారు 1997లో దాన్ని సడలించారు, అది వేరే ముచ్చట. ఈ జిల్లా అలగానిపాడులో పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన పేరులోంచి రెడ్డిని తీసేసుకున్నారు. ఇప్పుడు అలా తీసేసుకున్నవాడికి జనరల్ టికెట్ ఎవరిస్తారు? ఇక తీరం పొడవునా ఉన్న యానాది గిరిజనుల సంగతి: పదింటిలో ఎస్సీ సీట్లు రెండు, ఎస్టీ సీటు ఒక్కటీ లేదు.