కటిసంజీవని: ఒక జిమ్ము మాటకు టీకా తాత్పర్యం

అవతారిక

మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసి దానికి ‘సంజీవని’ అని పేరు పెట్టాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాట ఇవ్వగలడు, రెండోదానికి పూచీ లేదు. నిజానికి ఆ పేరు కావ్యాలకన్నా మన విషయానికే బాగా అతుకుతుంది. ఆ మూలిక కోసం ఒకాయన ఏకంగా కొండనే ఎత్తుకొచ్చాడు. దించాక నడుము పట్టినట్టు వాల్మీకి ఎక్కడా రాయలేదు. ఆ భాగ్యం అందరికీ ఉండదు గనుక ఈ టీక అవసరమైంది.

సంస్థానాల కాలంలో ఏటా పండితసభలు నడిపి ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న ఊరు గద్వాల. పద్యానికి నాలుగు అర్థాలు చెప్పి శాలువాతో ఇంటికెళ్లిన పండితులు ఆ ఊరెరిగినవారే. ఇప్పుడు అక్కడా, వనపర్తిలోనూ, నాగర్‌కర్నూల్లోనూ కుర్రాళ్లు పొద్దుగూకాక చేరే సభ వేరు. చుట్టూ అద్దాలు, మధ్యన ఇనుము. తాతల నాటి తాలీములో కర్రసాము, దండీలు ఉండేవి. మనవల జిమ్ములో రాడ్డు ఉంది. ఆ సభలో పుట్టి నోటినుంచి నోటికి పాకిన ఒక వాక్యానికి ఇంతవరకు వ్యాఖ్యానం లేకపోవడం పాలమూరు పాండిత్యానికే లోటు.

మూలము

“అన్నా, ఇంకో ప్లేటెయ్యి, ఏం గాదు.”

పాఠభేదాలు

ఇది నాగర్‌కర్నూలు పాఠం. వనపర్తి ప్రతిలో ‘ఏం గాదు’ ఉన్నచోట ‘ఏమైతది?’ అని ప్రశ్న కనబడుతుంది. ఫలితంలో తేడా లేదు గనుక రెండూ గ్రాహ్యమే. గద్వాలది కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ, అటు కర్నూలు గాలి, ఇటు రాయచూరు గాలి. అక్కడి పాఠం ‘ఏం కాదు లేప్పా’. ఇందులో ‘లే అప్పా’ అన్న ఊరడింపూ, ‘లేపప్పా’ అన్న ఆజ్ఞా రెండూ ఉన్నాయని, ఈ శ్లేష వల్లనే నడిగడ్డలో మరో రెండున్నర కిలోలు అదనంగా పడతాయని కొందరు. అది వారి అతితెలివి.

ప్రతిపదార్థము

అన్నా = ఓ సోదరా. ఈ సంబోధనకు వయసుతో పనిలేదు. రాడ్డు దగ్గర వంగినవాడెవడైనా అన్నే. లక్ష్మణుడికీ ఒక అన్న ఉన్నాడు, ఆయనా శివధనుస్సు ఎత్తాడు. కానీ ఆ తమ్ముడు పక్కన నిలబడి ‘ఇంకొకటి’ అనలేదు.

ఇంకో = ఉన్నవి చాలనందున మరియొక. ఉన్నవి ఎన్నో మూలం చెప్పదు, వ్యాఖ్యాతే లెక్కగట్టాలి. పెద్ద రాడ్డు 20 కిలోలు. రెండు వైపులా ముప్పై చొప్పున వేస్తే మొత్తం 80. ఇక్కడ వ్యాకరణం గమనించదగ్గది. ‘ఇంకో ప్లేటు’ అన్నది ఏకవచనం. కానీ ప్లేటు ఒకవైపే వేస్తే రాడ్డు బోర్లాపడుతుంది. కాబట్టి పది కిలోల ‘ఇంకో ప్లేటు’ అంటే నిజానికి రెండు, అంటే ఇరవై కిలోలు, అంటే ఒక్క ఊపున నూటికి పాతిక వంతుల పెంపు. తెలుగులో ద్వివచనం లేకపోవడం వల్ల ఇన్ని నడుములు పోతున్నాయని ఏ వ్యాకర్తా ఊహించి ఉండడు.

ప్లేటు = ఇనుప చక్రము. ఇడ్లీకి అన్వయించరాదు. పోటీల్లో దీనికి కట్టుబాట్లున్నాయి: ఎరుపు 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. బరువేదైనా ఈ పెద్ద చక్రాలన్నిటి వ్యాసం 45 సెంటీమీటర్లే. అందుచేత ఎవరు ఎంత వేసుకున్నా రాడ్డు నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తున నిలుస్తుంది. చిన్న ఊళ్ల జిమ్ముల్లో ఎక్కువగా కనబడేవి పోత ఇనుప ప్లేట్లు. వాటిలో బరువు తగ్గేకొద్దీ వ్యాసమూ తగ్గుతుంది. పది కిలోలవి తొడిగితే రాడ్డు కాలి చీలమండల దాకా దిగిపోతుంది. అంటే నిన్న చేరిన కొత్తవాడు, తక్కువ బరువు ఎత్తేవాడు, అందరికన్నా కిందికి వంగాలి. వంగడం రాక వీపు గుండ్రం చేస్తాడు. గోడమీది పోస్టరులోని కండలవీరుడికి ఈ సంగతి పట్టదు, ఆయన ప్లేట్లు పెద్దవి. రాడ్డు రెండు చివర్లా చెక్కదిమ్మలు పెట్టి ఎత్తు పెంచితే సరిపోతుంది. ఖర్చు లేని పని గనుక ఎవరూ చేయరు.

ఎయ్యి = వేయుము. చెప్పేవాడు ఒకడు, ఎత్తేవాడు మరొకడు. మూలానికి ప్రాణం ఇక్కడే ఉంది.

ఏం గాదు = ఏమియు జరుగదు. దీనికి ప్రమాణమేమి? ప్రత్యక్షం కాదు, ఇంకా జరగలేదు గనుక. అనుమానమూ కాదు, పోయిన నెల ఇదే రాడ్డు దగ్గర ఒకడి నడుము పట్టింది గనుక. ఇక మిగిలింది శబ్దప్రమాణం. నమ్మదగినవాడి మాట ప్రమాణమని నైయాయికులు అంగీకరించారు. అయితే ఒక చేత్తో ఫోనులో వీడియో తీస్తూ మాట్లాడేవాడు నమ్మదగినవాడా అన్నది వారు విచారించలేదు.

వ్యాఖ్య

మూలం చెప్పక విడిచినది ధ్వని. ఇక్కడ ధ్వని అక్షరాలా వినబడుతుంది: నడుములో ‘టక్’మని. వెంటనే ‘నడుం వట్టింది’ అన్న రెండో వాక్యం పుడుతుంది. దానికి వేరే టీక అక్కర్లేదు.

ఎందుకు పట్టింది? బరువు ఎక్కువై అని అందరూ అంటారు. సగమే నిజం. మిగతా సగం దూరం. రాడ్డు నడుముపూసకు 40 సెంటీమీటర్ల ముందుందనుకుందాం. దానికి ఎదురులాగే వెన్నుకండరాలు పూసకు వెనక ఐదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయనుకుందాం. ముందున్న దూరం ఎనిమిదింతలైతే వెనక లాగుడూ ఎనిమిదింతలు కావాలి. 80 కిలోల రాడ్డుకు కండరాలు 640 కిలోల లెక్కన బిగించాలన్నమాట. అదే రాడ్డును ముంగాళ్లకు రాచుకుంటూ లేపితే దూరం సగమవుతుంది, లాగుడూ సగమవుతుంది. ప్లేటు తీయనక్కర్లేదు, దగ్గరికి జరగాలంతే.

ఈ శాస్త్రం జిమ్ముకు కొత్త గానీ మార్కెట్ యార్డుకు పాతది. పల్లీల కాలంలో ఈ మూడు ఊళ్లలో ఏ యార్డుకైనా వెళ్లి హమాలీలను చూడండి. ఏ హమాలీ బస్తాను ఒంటరిగా వంగి నేలమీంచి గుంజడు. ఇద్దరు చెరో కొసా పట్టి పైకి లేపుతారు, మూడోవాడు కిందికి దూరి మెడకింద వీపుమీదికి తీసుకుంటాడు. బరువు వెన్నుకు పైన, దూరం దాదాపు సున్న. పైగా అక్కడ ‘ఏం గాదు’ అనే మాట వినబడదు. ‘పట్టు’, ‘ఆగు’, ‘ఇడువు’: మూడూ చేతికి చెప్పే మాటలే. చెప్పేవాడి చేతులూ బస్తామీదే ఉంటాయి.

అలాగని ఆ నడుములు చెక్కుచెదరవని కాదు. వడ్ల బస్తా 40 కిలోలు, యూరియా 45, సిమెంటు 50. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం అన్నీ అనుకూలించిన వేళ కూడా చేతులతో ఎత్తదగినది 23 కిలోలు. హమాలీది రోజంతా, ఏళ్లతరబడి సాగే ఎత్తుడు. జిమ్ము కుర్రాడిది ఒక్క సాయంత్రపు పనే.

పూర్వపక్షము

‘అసలు బరువులెత్తడమే తప్పు, నడవండి చాలు’ అంటారు కొందరు పెద్దలు. కాదు. శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చారు. నాలుగేళ్ల తర్వాత ఏథెన్స్‌లో నడుము సహకరించక పోటీ ముగించలేకపోయారు. మణిపూర్ మీరాబాయి చాను 2017లో ప్రపంచ విజేత. మరుసటి ఏడు నడుమునొప్పితో జకార్తా ఏషియాడ్‌కు వెళ్లలేకపోయింది. మళ్లీ మెల్లగా పెంచుకుంటూ వచ్చి టోక్యోలో 202 కిలోలతో వెండి పతకం పట్టింది. నొప్పి తగ్గాక నడుమును గట్టిపరచడానికి ఫిజియోలు చెప్పే మందు కూడా వ్యాయామమే, చిన్న బరువులతో మొదలుపెట్టి. తప్పు ఎత్తడంలో లేదు, ‘ఇంకో’లో ఉంది.

బెల్టు కట్టుకుంటే సరి అనేది రెండో పూర్వపక్షం. ఆరోగ్యంగా ఉన్న కూలీలను బెల్టు కాపాడుతుందనడానికి చాలినంత ఆధారం లేదని అదే నయోష్ 1994లో తేల్చింది. పొట్ట కనబడకుండా మాత్రం కాపాడుతుంది.

చికిత్సా ప్రకరణము

మొదటి వైద్యం ఇంట్లోనే: వేడి కాపడం, ఆముదం. రెండోది, ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత నడుముమీద తన్నించుకోవడం. ఊరికొకరు అలాంటివారు ఉంటారు, వారికి ఈ విషయంలో అడ్డులేని గౌరవం. వ్యాఖ్యాత ఈ సంప్రదాయాన్ని కొట్టిపారేయడు, ఎందుకు నిలిచిందో చెబుతాడు. పట్టేసిన నడుముల్లో ఎక్కువ భాగం కొద్ది వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయి. ఎవరు తన్నినా తగ్గుతుంది, తన్నినవారికి పేరొస్తుంది. సూది వేసిన ఆర్‌ఎంపీకీ ఇదే న్యాయం.

మూడోది మంచం. ‘నెల కదలొద్దు’ అని పక్కింటి వారు కూడా చెబుతారు. 1986లో అమెరికాలో డెయో బృందం కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు మంచం రాసి పోల్చి చూసింది. రెండు రోజులవారు నష్టపోలేదు సరికదా, పనికి ముందే వెళ్లారు. కాబట్టి ఓర్చుకోగలిగినంత నడవడమే మేలు.

నాలుగోది ఎమ్మారై. గద్వాలవారు కర్నూలుకో రాయచూరుకో, మిగతావారు హైదరాబాదుకో వెళ్లి తెచ్చుకునే పెద్ద కవరు ఇది. 2022లో వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాక దారి కొంత తగ్గింది. కవరులో ‘డిస్కు ఉబ్బింది’ అని ఉంటే ఇల్లంతా బెంబేలు. నొప్పి ఎరగని మనుషుల చిత్రాలను కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో ఇరవై ఏళ్లవారిలో నూటికి 30 మందికి, ఎనభై ఏళ్లవారిలో 84 మందికి ఆ ఉబ్బు కనబడింది. అది చాలాసార్లు తల నెరిసినట్టు వయసు గుర్తే.

పరిహాసం పనికిరాని చోటు ఒకటుంది. మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా తన్నించుకోవడాలు మాని ఆ రోజే ఆసుపత్రికి చేరాలి. నరాల మీద ఒత్తిడి ఆపరేషనుతో తీయాల్సి వస్తే గంటలు లెక్కకు వస్తాయి.

ఉత్తర మూలము

“మూడు వారాలు బరువులు ఎత్తొద్దు. రెస్టు.”

ఇది డాక్టరు చీటీమీది వాక్యం. జిమ్ము కుర్రాడికి అన్వయం సులభం. నెల ఫీజు దండగ, ఫోనులో పాత వీడియోలు చూసుకోవడం, నాలుగో వారం ఖాళీ రాడ్డుతో మొదలుపెట్టడం.

అదే చీటీ అదే బల్లమీద హమాలీకీ రాస్తారు, అక్షరం తేడా లేకుండా. ఆనకట్టలకూ కాలువలకూ తలమీద తట్టలతో మట్టి మోసి ‘పాలమూరు లేబర్’ అని దేశమంతా పేరుపడ్డ సీమ ఇది. ఆ చీటీ ఇక్కడ ఎన్ని తరాలుగా తిరుగుతోందో. ‘బరువులు’ = బస్తాలు. హమాలీకి కూలి బస్తాకు ఇంత అని. ‘ఎత్తొద్దు’ = మూడు వారాలు కూలి లేదు. ‘రెస్టు’ = విశ్రాంతి. పదాలన్నిటికీ అర్థముంది, వాక్యానికి అన్వయం కుదరడం లేదు. ఆ మూడు వారాలు ఇల్లెలా గడవాలో చెప్పే పంక్తి దీని తర్వాత ఉండి తీరాలి. ఈ వ్యాఖ్యాత చూసిన ఏ ప్రతిలోనూ అది లేదు. రాసినవారే వదిలేశారో, చెదలు తిన్నాయో. ఇక్కడ గ్రంథపాతము.