బయోస్ దొరవారికి మంగళగిరి నుంచి ఒక బహిరంగ లేఖ

మ.రా.రా.శ్రీ బయోస్ దొరవారి సముఖమునకు,
మదర్‌బోర్డు కచేరీ, పాత కంప్యూటర్ల తాలూకా.

అయ్యా,

మంగళగిరిలో గాలిగోపురం నీడ పడేంత దూరంలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు నాది. తమరి దర్శనం నాకు రోజూ అవుతూనే ఉంటుంది. పవర్ మీట నొక్కగానే విండోస్ కంటే, లినక్స్ కంటే ముందు మేలుకునేది తమరే. ర్యామ్ వచ్చిందా, కీబోర్డు ఉందా, డిస్కు పలుకుతోందా అని హాజరు వేసి, ఎవర్ని లోపలికి రానివ్వాలో తేల్చేదీ తమరే. 1975లో గ్యారీ కిల్డాల్ తన సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) కోసం తమరికి ఆ పేరు పెట్టారు. 1981లో ఐబీఎం పీసీతో తమరికి చలామణీ పెరిగింది. ఇన్నేళ్ల సర్వీసులో తమరి మీద నా ఫిర్యాదు ఒక్కటే. పని కాదని చెప్తారు, ఎందుకు కాదో మాత్రం చెప్పరు.

మన దేశంలో సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ఎంత మొండి ఆఫీసైనా 30 రోజుల్లో జవాబివ్వాలి. తమరు ఆ చట్టం కిందికి రారని తెలుసు గనక పది రూపాయల రుసుము జతచేయకుండా ఈ అర్జీ పెట్టుకుంటున్నాను.

మొదట తమరి గడియారం సంగతి. మా ఊరి చీరల కొట్టాయన ఒకరు తన పాత కోర్ టూ డుయో సీపీయూ చంకన పెట్టుకొచ్చారు. నిజాం బోర్డర్ చీరలకి బిల్లులు కొట్టి కొట్టి అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు కూడా వెంట తెచ్చారు. "లినక్స్ వేద్దామంటే ఎక్కనివ్వట్లేదు. ముసలిదైపోయింది, పారెయ్యమంటున్నారు, ఏమంటావ్?" అన్నారు. పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను. మొదలైతే బాగానే అవుతోంది. నెట్ నుంచి ప్యాకేజీలు దింపే చోటికి వచ్చేసరికి ఆగిపోతోంది. అవతలి సర్వర్ చూపించే ధ్రువపత్రం ఇంకా అమల్లోకే రాలేదని తెర మీద రాతలు. తారీఖు చూస్తే 2009 జనవరి 1.

తమరి లెక్కలో మంగళగిరి చీరకి భౌగోళిక గుర్తింపు ఇంకా రాలేదు, అది 2013 మాట. రాష్ట్రం విడిపోలేదు. హైదరాబాదే రాజధాని. మా ఊళ్లో గజం స్థలం ఇంకా మామూలు మనుషులకి అందే ధరలోనే ఉంది. నిజమైతే ఎంత బాగుండేది! కానీ ఈనాటి సర్వర్లు ఇచ్చే ధ్రువపత్రాలకి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువు ఉంటుంది. 2009లో కూర్చున్న యంత్రానికి అవన్నీ ఎప్పుడో రాబోయే కాలానివి. అందుకే నమ్మదు.

ఇంతకీ జబ్బు ఏమిటి? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీ, 3 వోల్టులది, కొన్నేళ్లు పనిచేసి చచ్చిపోయింది. ఒక పూట ఇడ్లీ కాఫీ ఖర్చు. అది మార్చి తారీఖు సరిచేస్తే, పారెయ్యాల్సిన కంప్యూటర్ సాయంత్రానికి బిల్లులు కొట్టింది.

బ్యాటరీ పోతే పోయేది తారీఖు ఒక్కటే అయితే ఇంత రాయకపోదును. దాంతోపాటు తమరి దగ్గర జనం చేసుకున్న ఏర్పాట్లన్నీ కరెంటు పోయినప్పుడల్లా తుడిచిపెట్టుకుపోయి, ఫ్యాక్టరీలో పెట్టిన పద్ధతికి వెళ్లిపోతాయి. అందులో హార్డ్ డిస్కుతో ఏ భాషలో మాట్లాడాలన్నది ఒకటి. నిన్నటిదాకా ఏహెచ్‌సీఐ పద్ధతిలో నడిచిన విండోస్, పొద్దున్నే ఐడీఈ పద్ధతిలో పిలిస్తే పలకదు. '7బి' అని తోక ఉన్న నీలి తెర చూపించి పడిపోతుంది. ఇంటాయన వైరస్ అనుకుంటాడు, మెకానిక్ ఫార్మాట్ కొట్టేస్తాడు, పిల్లల ఫొటోలు పోతాయి. తమరు మాత్రం ఏమీ ఎరగనట్టు ఊరుకుంటారు.

దీనికి సరిగ్గా తిరగేసిన కేసు ఇంకొకటి. పెళ్లి శుభలేఖలు వేసే డీటీపీ మిత్రుడున్నాడు. ఆయన జన్మలో కొట్టిన మేటరంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉంది. అది యూనికోడ్ కాదు, కొత్త సరంజామాలో తెరిస్తే చుక్కలూ కొక్కేలూ కనిపిస్తాయి. అందుకని 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసిన ఎక్స్‌పీనే కావాలంటాడు. నెట్ తీగ పీకేసి వాడుకునే మాటైతే నాకూ అభ్యంతరం లేదు. ఎక్స్‌పీ సీడీ పెడితే "హార్డ్ డిస్కు కనబడలేదు" అంటుంది. డిస్కు ఎదురుగా ఉంది, తమరి జాబితాలోనూ ఉంది. ఎక్స్‌పీకి ఏహెచ్‌సీఐ డ్రైవర్ పుట్టుకతో లేదు. కావాలంటే ఎఫ్6 నొక్కి ఫ్లాపీలో తెచ్చి ఇవ్వాలట. ఫ్లాపీ! బుద్ధుడి విగ్రహాలతో పాటు మ్యూజియంలో వెతకాలి. తమరి సెట్టింగుల్లోకి వెళ్లి ఐడీఈ అని మార్చగానే డిస్కు కళ్లబడింది. ఒకచోట విండోస్‌ని పడగొట్టిన పద్ధతే డీటీపీ కొట్లో బతికించింది. ఏది ఎవరికి పనికొస్తుందో తెర మీద ఒక్క ముక్క రాస్తే తమరి సొమ్మేం పోయింది?

ఇక ఓఎస్ ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగిపోయే వ్యాధి. మా గుంటూరు సీమలో దీనికి ప్రత్యేక కారణాలున్నాయి. ఒకటి దూది. మగ్గాల ఇళ్ల నుంచి, జిన్నింగు మిల్లుల వైపు నుంచి వచ్చే సీపీయూలు తెరిస్తే ప్రాసెసర్ మీది హీట్‌సింకు రెక్కల మధ్య దిండుకి సరిపడా పత్తి పేరుకుని ఉంటుంది. రెండోది కారం. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లోంచి వచ్చిన సీపీయూకి బ్లోయర్ పెడితే నేనే కాదు, పక్క టీ బంకులో కూర్చున్నవాళ్లూ తుమ్ముతారు. మూడోది చెప్పనక్కర్లేదు, మే నెల.

రోజూ ట్యాలీ నడిపే కంప్యూటర్‌కి ఒళ్లు వంచే పని ఉండదు. ఓఎస్ ఎక్కించడమంటే అలా కాదు. మూటకట్టిన వేల ఫైళ్లు విప్పి, డిస్కు మీద రాసి, సరిచూసుకోవాలి. ప్రాసెసర్, ర్యామ్, డిస్కు మూడూ ఆగకుండా పనిచేయాలి. ఏళ్ల తరబడి దాక్కున్న లోపం ఆ కాసేపట్లో బయటపడుతుంది. జనం మాత్రం "నువ్వు ముట్టుకున్నాకే పాడైంది" అంటారు, అది వేరే బాధ.

ఇక్కడ మా కొట్లో పిల్లలకి నేను చెప్పే సూత్రం ఒకటుంది. ప్రతిసారీ ఒకే చోట ఆగిందా, పెన్‌డ్రైవ్‌లో రాసిన ఫైలో డిస్కులో ఒక చెడ్డ చోటో అనుమానించు. ఒకసారి ఇక్కడ, మరోసారి అక్కడ ఆగిందా, వేడో ర్యామో కరెంటో చూడు. మొదటి రకానికి పెన్‌డ్రైవ్ మళ్లీ రాసి, డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ చిట్టా చదవాలి. రెండో రకానికి దూది ఊది, ఎండిపోయిన థర్మల్ పేస్టు గోకి కొత్తది రాసి, ర్యామ్ కర్రల బంగారు పళ్లని బడి పిల్లల రబ్బరుతో తుడిచి, ఒక్కొక్కటే పెట్టి రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపాలి. పొద్దునకి ఎర్ర గీత ఒక్కటి కనబడినా ఆ కర్ర మార్చాల్సిందే. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు పొట్ట ఉబ్బి ఉంటే ఇక ఏ ఓఎస్‌నీ తిట్టి లాభం లేదు. 2000ల తొలి ఏళ్లలో వచ్చిన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్ల బెడద ప్రపంచమంతా ఉండేది.

తప్పు కనబడిన చోటే ఉండాలని లేదు. మా గాలిగోపురమే తీసుకోండి. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించారు. 11 అంతస్తులు, 153 అడుగులు. కట్టాక ఒక పక్కకి ఒరిగిందట. కంచి నుంచి వచ్చిన శిల్పులు గోపురం మీద చెయ్యి వెయ్యకుండా దానికి ఎదురుగా కోనేరు తవ్వించమన్నారట. తవ్వాక నిటారుగా నిలిచిందని మావాళ్లు చెప్పుకుంటారు. నిజమెంతో ఇంజనీర్లు తేల్చాలి గానీ, విండోస్ ఎక్కకపోతే మళ్లీ మళ్లీ విండోస్ సీడీలే మార్చే మెకానిక్కులకి ఈ కథ చెప్తుంటాను. మా తరానికి ఈ ఓపిక నేర్పింది నల్లమోతు శ్రీధర్ సంపాదకుడిగా వచ్చిన 'కంప్యూటర్ ఎరా' పత్రిక. బస్టాండులో కొని, కొట్లో వైర్ల మధ్య పెట్టుకుని చదివేవాళ్లం.

మళ్లీ తమరి దగ్గరికి. తమరి గదిలోకి రావాలంటే ఒక కంపెనీలో డిలీట్, ఇంకో దాంట్లో ఎఫ్2, మరో దాంట్లో ఎఫ్10. పెన్‌డ్రైవ్‌ని ముందు పిలవమనాలంటే ఎఫ్12 కావచ్చు, ఎఫ్9 కావచ్చు, ఎస్కేప్ కావచ్చు. కొన్ని లాప్‌టాపులకి పక్కన చిన్న బెజ్జం, అందులో పిన్నీసు పెట్టి పొడవాలి. మీట నొక్కడమైతే రెప్పపాటులో జరగాలి. ఆలస్యమైతే మళ్లీ మొదటికి. పెన్‌డ్రైవ్ జాబితాలో లేదని వెనుదిరిగినవాళ్లు ఎందరో. చాలా పాత బోర్డుల్లో అది హార్డ్ డిస్కుల జాబితా లోపల ఇంకో అరలో దాక్కుని ఉంటుంది. తమరు నోరు విప్పితే కూతలు. ఒక పొడుగు, రెండు పొట్టి అయితే అవార్డు వారి బయోస్‌లో తెర కార్డు తంటా. ఇంకో కంపెనీ వారి దగ్గర కూతల లెక్కే వేరు.

తమరి వారసుడు యూఈఎఫ్‌ఐ గారి పాలన మొదలయ్యాక కొత్త చిక్కు వచ్చింది. ఆయన జీపీటీ పట్టిక ఉన్న డిస్కు కావాలంటారు, తమరు పాత ఎంబీఆర్ అంటారు. ఎంబీఆర్ 2 టెరాబైట్లు దాటిన డిస్కుని చివరిదాకా చూడలేదు. బూట్ జాబితాలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది, ఒకచోట యూఈఎఫ్‌ఐ అన్న బిరుదుతో, ఒకచోట లేకుండా. పొరపాటున తమరి దారిలో వచ్చినవాడికి "ఈ డిస్కు జీపీటీ పద్ధతిలో ఉంది, ఇందులో విండోస్ ఎక్కదు" అని తిరుగు టపా. వాడు కంగారుపడి డిస్కు మొత్తం చెరిపేస్తాడు. వెనక్కి వెళ్లి యూఈఎఫ్‌ఐ బిరుదున్న పేరు ఎంచుకుంటే చాలునని ఎవరూ చెప్పరు. నిజానికి ఆ తిరుగు టపా ఒక్కటే కాస్త కారణం చెప్పే మర్యాద చూపింది, దానికి నా నమస్కారం.

ఇక పై అంతస్తు, అంటే ఓఎస్‌ల వ్యవహారం. 2021 అక్టోబర్ 5న వచ్చిన విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు అడుగుతుంది, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసరూ అంతకు పైవీ అంటుంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. ఏడో తరం యంత్రం దూది లేకుండా, ర్యామ్ నిండుగా, ఎస్‌ఎస్‌డీతో చకచకా పరుగెత్తుతున్నా వాకిట్లోనే ఆగాలి. భద్రత కోసమని వాళ్లు చెప్పే కారణంలో కొంత న్యాయముంది. అది యంత్రం చేతకానితనం కాదు, నియమం అని కూడా అంతే స్పష్టంగా చెప్తే మా చీరల కొట్టాయన లాంటివాళ్లు తమ సీపీయూని తిట్టుకోరు. లినక్స్ వాళ్లూ తక్కువేం కాదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ కంప్యూటర్లకి ఇన్‌స్టాలరే లేదు. అయినా 64 బిట్ పాత సీపీయూలకి అక్కడ చోటుంది, మన స్వేచ్ఛ సంస్థవారు తెలుగు తెరలతో గ్నూ/లినక్స్ కూడా తెచ్చారు. తెర నల్లబడితే బూట్ వరసలో 'నోమోడ్‌సెట్' అని చేర్చి చూడండి. వైఫై పలకకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో తగిలించి దాని నెట్‌తో డ్రైవర్ దింపుకోండి. ఈ రెండూ తెలియక ఎన్ని మంచి లాప్‌టాపులు అటక ఎక్కాయో!

కనుక అయ్యా, నా ప్రార్థన ఇంతే. బ్యాటరీ చచ్చేముందు నెల రోజుల నోటీసు ఇవ్వండి. దేశమంతటికీ ఒకే మీట పెట్టండి. వేడెక్కి ఆపితే వేడెక్కింది గనక ఆపానని, ర్యామ్ పళ్లు సరిగా కూర్చోకపోతే ఫలానా గదిలో కూర్చోలేదని, కూతలతో కాకుండా మాటల్లో చెప్పండి. తిరస్కరించే అధికారం తమరికి ఉంది, కాదనను. కారణం రాసివ్వాల్సిన బాధ్యత కూడా ఉందని ఇకనైనా ఒప్పుకోండి.

ఇట్లు,
తమరి విధేయుడు,
మంగళగిరి కంప్యూటర్ మెకానిక్

నకలు: కంప్యూటర్ యజమానులందరికీ. మూత తీసి దూది ఊది, బ్యాటరీ మార్చి, ర్యామ్ తుడిచి చూసేదాకా మీ సీపీయూని పాత సామాన్లవాడి త్రాసు మీద పెట్టకండి.