తుట్టతుది నిర్ణయానికి టీకా తాత్పర్యం

మూలం: "రెఫరీ నిర్ణయమే తుది నిర్ణయము."

అవతారిక: కాలేజీ కబడ్డీ పోటీల కరపత్రంలో, భోజన వసతి కలదు అన్న ముక్క కింద వెలసే మహావాక్యమిది. కర్త అజ్ఞాతుడు. వికారాబాదు ప్రతికీ తాండూరు ప్రతికీ పాఠభేదం లేదు.

ప్రతిపదార్థం: రెఫరీ = ఈల గలవాడు. నిర్ణయము = అందరికీ తెలిసినదే గనుక విడిచిపెట్టాను. తుది = ఇక్కడ కాసేపు కూర్చోవాలి.

కడ మొదలైన కొన్ని మాటలు రెట్టిస్తే నడుమ జంట టకారం పుడుతుందని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పాడు. కడ కట్టకడ అవుతుంది. తుద తుట్టతుద అవుతుంది. నట్టనడుమ, చిట్టచివర, ఎట్టయెదుట, పట్టపగలు, బట్టబయలు అన్నీ ఆ సంతానమే. వీటన్నిటినీ ఒక్క వాక్యంలో కూర్చే అదృష్టం కబడ్డీకి దక్కింది: నట్టనడిమి గీత దాటి చిట్టచివరి కూతకు వెళ్లిన పిల్లవాడికి పట్టపగలు, జనం ఎట్టయెదుట జరిగిన అన్యాయం బట్టబయలు. మూలంలో లేనిది రాయనని ఒట్టుపెట్టుకున్న వ్యాఖ్యాత మల్లినాథసూరిది మన మెదకు సీమే. నేనే ఒట్టూ పెట్టుకోలేదు గనుక ఇంకొంచెం రాస్తాను.

తుది ఒక్కసారైతే తుద. దాన్ని మార్చి, మళ్లీ అదే తుది అంటే? ఆమ్రేడితం. కనుక తుట్టతుది. దీనికి ఉదాహరణ తాండూరులో కళ్లారా చూశాను. స్కోరు సమం. వికారాబాదు కుర్రాడు బోనస్ గీత అవతల కాలు మోపాడు, వెనక కాలు గాలిలో ఉంది. రెఫరీ బోనస్ ఇచ్చాడు. ఆతిథ్య జట్టు గోల పెట్టింది. ఆయన ముఖ్య అతిథి కుర్చీ వైపోసారి చూసి, బోనస్ లేదన్నాడు. సున్నపు గీత అవతల మట్టిలో బొటనవేలి అచ్చు అప్పటికింకా ఉంది. "సార్, జర చూడుండ్రి" అంటూ పిల్లవాడు వంగి చూపించేలోపు ఎవరో చెప్పుకాలితో దాన్ని చెరిపేశారు.

విశేషం: 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల కబడ్డీ ఫైనల్లోనూ ఇదే తుట్టతుది వచ్చింది. భారత్, ఇరాన్ 28-28. పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండా కోర్టు పక్కనున్న లాబీ పట్టీలోకి వెళ్లాడు, వెంటపడి ఇరాన్ వాళ్లూ వెళ్లారు. పాత నిబంధన ప్రకారం వాళ్లూ ఔట్, కొత్తదాని ప్రకారం అతనొక్కడే ఔట్. పాయింట్లు అటూ ఇటూ మారాయి, ఆట గంటసేపు ఆగింది. చివరికి 33-29తో బంగారం మనది. అక్కడ జరిగింది న్యాయమో కాదో ఇరానీయులను అడగాలి. కనీసం ఏ నిబంధన అన్న పేచీ అయినా నడిచింది. ఇక్కడ "ఎందుకు సార్" అని అడిగినందుకే ఆ పిల్లవాడికి క్రమశిక్షణ లేదన్నారు! రేపు ఆటల సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సింది పీడీ సార్లే గనుక అతను నోరు మూసుకుని సాయంత్రం రైలెక్కాడు.

తాత్పర్యం: కారణం అడగరాదని భావం.

నిర్వాహకులకు మనవి: వచ్చే ఏడు ఆ వాక్యం కింద ఏ సంవత్సరపు నిబంధనలో కూడా అచ్చు వేయించండి. జాగా చాలకపోతే ముఖ్య అతిథి బిరుదుల్లో ఒకటి తీసేయండి.